బొంత లోపల బొంత

పాత బొంతకు మూడు గండాలు. భోగి మంట ఒకటి, ఇంట్లో చావు ఒకటి, కొత్త ఇల్లు ఒకటి. భోగికి కుర్రాళ్ళు ఇంటింటికీ తిరిగి పాత సామాన్లు అడుగుతారు. అటక మీది బొంత విరిగిన కుర్చీతో కలిసి మంటలోకి పోతుంది. పెద్దవాళ్ళు పోతే వాళ్ళు పడుకున్న పక్కబట్టలు ఊరి బయటికి చేరతాయి. పెంకుటిల్లు పడగొట్టి డాబా వేసుకుంటే ఫోమ్ పరుపులు దిగుతాయి, బొంత గేదెల కొట్టంలోకో ట్రాక్టరు తుడవడానికో పోతుంది. ఈ మూడింట్లో దేనికీ చిక్కకముందే బొంతను పట్టుకుని, ఉతికి, మాసికలు వేసి, వాడుకునే మరో ఇల్లు చూడటం మా వదినా నేనూ పెట్టుకున్న పని.

వదినది రాయచూరు. పుట్టింట్లో తెలుగు, బడిలో కన్నడం, బజారులో ఉర్దూ. గుడ్డను రెండు వేళ్ళ మధ్య నలిపి ఏ ఊరి నేతో చెప్పేస్తుంది. వ్యాన్ నడిపేదీ ఆమే. పేర్లు, ఊర్లు, ఎవరు కుట్టారు, ఎవరు కప్పుకున్నారు, ఇవన్నీ పుస్తకంలో రాయడం నా వంతు. బేరాల దగ్గర మొహమాటపడటం కూడా నా వంతే.

ఈసారి ధనుర్మాసం చివర్లో చీరాలలో మొదలుపెట్టి, సాగర్ దగ్గర ఒకసారి, మక్తల్ దాటాక ఒకసారి కృష్ణను దాటుకుంటూ పడమటికి పోయాం. చివరి మజిలీ ఉత్తర కన్నడ జిల్లా అడవుల్లోని సిద్దీల ఊళ్ళు. ఎలుకలు కొట్టేసిన బొంతలు కొన్ని మా దగ్గర పేరుకుపోయాయి. వాటిని ఏం చేయాలో మాకు పాలుపోలేదు. చిన్న చిన్న పేలికలతో పెద్ద బొంతలు కుట్టడంలో సిద్దీ ఆడవాళ్ళు దిట్టలని వదిన చెప్పింది. ఆ చేతుల దగ్గర అడిగి తెలుసుకుందామని వాటిని వ్యాన్‌లో వేసుకున్నాం.

చీరాల

చీరాల చుట్టుపక్కల నేతపేటల్లో భోగికి ముందు తిరగడం ఒక వేడుక. ముగ్గుల మీద గొబ్బెమ్మలు, గోడలకు ఆరేసిన భోగి పిడకల దండలు, మధ్య మధ్య గుంటమగ్గాల చప్పుడు. ప్రతి వీధి మొగలోనూ భోగి కోసం పోగేసిన గుట్ట ఉంటుంది. తాటి మొద్దులు, చెదపట్టిన తలుపులు, చిరిగిన చాపలు. అలాంటి ఒక గుట్ట మీద బొంత మడత కనపడగానే వదిన బ్రేకు వేసింది.

గుట్టకు కాపలాగా నలుగురు కుర్రాళ్ళు. బొంత ఇమ్మంటే ససేమిరా అన్నారు. "మీకిచ్చేస్తే మా మంట చిన్నదైపోద్ది కదండీ. పక్క వీధోళ్ళు నవ్వుతారు." వాళ్ళ న్యాయం వాళ్ళది. వదిన అడితికి పోయి రెండు మోపుల కట్టెలు తెచ్చి గుట్ట మీద పడేసింది. పిల్లలు బొంతతో పాటు, అది ఏ ఇంటినుంచి వచ్చిందో కూడా చెప్పేశారు.

ఆ ఇంటావిడ అరుగు మీద కూర్చుని కండెలు చుడుతోంది. బొంత చూసి కాస్త ఇబ్బంది పడింది. "మా అత్తగారిదండీ. ఆవిడ పోయి ఏడాది దాటింది. కప్పుకుందామంటే మనసొప్పదు, బయట పారేద్దామంటే చేతులు రావు. భోగి మంటలో పడితే పాపం ఉండదు గదా అని ఇచ్చేశాను." భోగి మంటకు ఎందుకంత గిరాకీయో నాకప్పుడు అర్థమైంది. ఇంట్లో ఉంచుకోలేనిదాన్ని, వీధిలో విసరలేనిదాన్ని మర్యాదగా సాగనంపే దారి అదొక్కటే. అందుకే ఎవరినీ ఎందుకు పారేశావని అడగం. ముందు బొంత కథ అడుగుతాం.

కథ చెబుతుంటే వదిన బొంత అంచు దగ్గర కుట్టు ఊడిన చోట వేలు పెట్టి లోపలి పొరను మెల్లగా పైకి తీసింది. పైన వెలిసిన గళ్ళ చీర. దాని కింద ఎరుపు, నలుపు, తెలుపు. ముక్కు దగ్గర పెట్టుకుని నా చేతికిచ్చింది. ఎన్ని ఉతుకులు ఉతికినా పోని నూనె వాసన. తేలియా రుమాలు.

ఒకప్పుడు చీరాల పేరును సముద్రాల అవతలికి తీసుకెళ్ళిన గుడ్డ అది. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెట్టి, ఆ తర్వాత పోగులకు ముడులు కట్టి రంగు అద్ది నేసేవాళ్ళు. ఆ నూనె వల్లే రంగు గట్టిగా పట్టేది, గుడ్డ ఒంటికి చల్లగా ఉండేది. అరబ్బు దేశాలకు తలగుడ్డలుగా ఓడల్లో వెళ్ళేది. ఇక్కడ జాలర్లు, పశువుల కాపర్లు లుంగీగానో తలపాగాగానో చుట్టుకునేవాళ్ళు. ఇప్పుడు ఆ నేత నల్గొండ వైపు పుట్టపాకలో నిలబడింది. 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పుట్టింట్లో మాత్రం ఇలా బొంత కడుపుల్లో దొరకాల్సిందే.

ఇంటావిడ ఆ ముక్కను ఒళ్ళో పరచుకుని చాలాసేపు చూసింది. "మా మావగారు నేసేవారని చెప్పగా వినడమే గానీ చూడలేదండీ" అని, లోపలికి వెళ్ళి బొంతను బీరువాలో పెట్టేసింది. మాకు ఇవ్వనంది. బదులుగా అత్తగారిదే ఇంకో బొంత, ఎలుకలు కొట్టింది, తెచ్చి ఇచ్చింది. వ్యాన్ ఎక్కాక వదిన నవ్వు ఆపుకోలేకపోయింది. కట్టెల డబ్బులు పోయాయి, బొంత దక్కలేదు. అయినా కొత్త ఇల్లు వెతికే పనిలో ఇంతకన్నా మంచి ఫలితం లేదు: పాత ఇల్లే మనసు మార్చుకోవడం.

నారాయణపేట

సాగర్ దాటి దేవరకొండ, జడ్చర్ల, మహబూబ్‌నగర్ మీదుగా పడమటికి పోతుంటే నేల రంగు మారుతుంది, మాట యాస మారుతుంది. జనవరిలో నారాయణపేట వైపు కళ్ళాల్లో కంది కట్టెల వాములు. సరిహద్దు ఊళ్ళు కావడంతో తెలుగులో కన్నడం, కన్నడంలో మరాఠీ కలిసిపోయి ఉంటాయి. చీర కూడా అంతే. గళ్ళ ఒళ్ళు ఇక్కడిది, ఎరుపు తెలుపు పట్టీల కొంగు చూస్తే ఇల్కల్ చీరకు చెల్లెలనిపిస్తుంది.

అక్కడ ఒక అవ్వ కూలికి బొంతలు కుడుతుంది. మేం వెళ్ళేసరికి వాకిట్లో ఒక పాత బొంతను విప్పుతోంది. చుట్టుపక్కల వాళ్ళు దాన్ని ఆమెకు అప్పగించారు. పై గుడ్డ చిరిగింది, కొత్త గుడ్డ వేసి మళ్ళీ కుట్టాలి. మేమూ కూర్చున్నాం.

పైన ఉన్నది బతుకమ్మ చీర. 2017 నుంచి తెలంగాణ ప్రభుత్వం సిరిసిల్ల మరమగ్గాల మీద నేయించి పంచిన పాలిస్టర్ చీరల్లో ఒకటి. "గా సీరె కట్టుకోనీకి జారుతది బిడ్డా. బొంతకు పైన ఏస్తె మెరుస్తది, గంతే" అంది అవ్వ. కుట్టు తెగ్గొట్టి దాన్ని లాగేస్తే కింద ముతక నూలు చీర, సన్నంచు. వదిన చూడగానే "జనతా చీర" అంది. కేంద్రం 1976లో జనతా వస్త్రాల పథకం మొదలుపెట్టింది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం వచ్చాక సగం ధరకు జనతా చీరలు, పంచెలు ఊరూరా అమ్మించింది. ఆ కాలంలో పేదింటి ఒంటి మీదున్న గుడ్డ అది. దాని కింద గళ్ళ నారాయణపేట చీర, కొంగు చివికిపోయినా ఒళ్ళు గట్టిగా ఉంది. ఆ కింద పంచె ముక్కలు, రవికె గుడ్డలు. అన్నిటికన్నా అడుగున ఇంకో బొంత ఉంది. మూరెడున్నర పొడవు, చంటిపిల్ల కిందది. కుట్లు దగ్గర దగ్గరగా, పైనున్న బొంత కుట్టుకు అడ్డంగా పోతున్నాయి. వేరే చేతి కుట్టు.

ఎవరి బిడ్డదో అవ్వకు తెలియదు. ఆశ్చర్యమూ లేదు. "పాత బొంత లేకుంటె కొత్త బొంతకు ఒళ్ళెట్లొస్తది?" అంది.

ఇన్నాళ్ళూ మేం బొంతను ఒక వస్తువుగా చూశాం, పైగుడ్డనూ కుట్టునూ చూసి ఇంత పాతది, అంత పాతది అని లెక్కగట్టాం. అవ్వ వాకిట్లో కూర్చున్నాక ఆ లెక్క చెల్లదని తెలిసింది. పైన పదేళ్ళ గుడ్డ, నడుమ నలభయ్యేళ్ళ గుడ్డ, అడుగున ఎప్పటిదో తెలియని పిల్ల బొంత. అరిగినప్పుడల్లా మీద ఒక పొర ఎక్కించుకుంటూ బతికింది. పాత బొంతను కాపాడే పని మేం కనిపెట్టింది కాదు. బొంత పుట్టుకే ఆ పని.

కుట్టే తీరు కూడా చూపించింది. అడుగు చీర నేల మీద పరచి నాలుగు మూలలా రాళ్ళు పెడుతుంది. దాని మీద పేలికలు, ఎత్తుపల్లాలు లేకుండా. పైన మంచి చీర. ముందు దూరం దూరంగా టాకాలు వేసి పొరలు జరగకుండా పట్టుకుంటుంది. ఆ తర్వాత దబ్బనంతో ఒక అంచు నుంచి వరుస మొదలు. వేలెడు దూరంలో ఇంకో వరుస. దారం దుకాణంలో కొన్నది కాదు, పాత చీర అంచుల్లోంచి లాగి పురిపెట్టిన పోగు. "గుడ్డ గుడ్డ తోనె ఇముడుతది. నైలాను దారమైతె గుడ్డను కోస్తది" అంది. ఈ మాట వదిన రాసుకోమంది. మాసికలు వేసేటప్పుడు గట్టి దారం మంచిదనుకునేవాళ్ళు చాలామంది ఉంటారు. పాత నూలుకు దానికన్నా గట్టి దారం వేస్తే కుట్టు మిగిలి గుడ్డ చిరుగుతుంది.

పాలిస్టర్ మీద అవ్వకు ఇంకో ఫిర్యాదు. నూలు చెమట పీలుస్తుంది, పొరల మధ్య గాలి పట్టి చలికి వెచ్చగా, ఎండకు ఓర్చుకునేలా ఉంటుంది. పాలిస్టర్ జారుతుంది, కుట్టు పట్టదు, పొయ్యి నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. ఊళ్ళో ఇప్పుడు నూలు చీర కట్టేవాళ్ళు తగ్గారు. బొంత కుట్టేవాళ్ళు తగ్గడానికి సగం కారణం అదే. కుట్టే ఓపిక లేక మాత్రమే కాదు, కుట్టడానికి తగిన గుడ్డ ఇళ్ళల్లో అరగడం లేదు.

అవ్వ కుట్టి పక్కన పెట్టిన పాత బొంతలు రెండు కొందామని అడిగాం. ధర దగ్గర నేను నసిగాను. అవ్వే తేల్చేసింది. "బట్టకు పైసలు వద్దు, బట్ట పాతదే గద. కుట్టుకూలి ఇయ్యి. ఎన్ని దినాలు కూసున్ననో గన్ని దినాలకు, ఇయ్యాల్టి కూలి."

ఇంతకన్నా సరైన లెక్క నేనెక్కడా వినలేదు. అమెరికాలో అలబామా నది మలుపులో జీస్ బెండ్ అనే ఊరుంది. అక్కడి నల్లజాతి స్త్రీలు చిరిగిన పని బట్టలతో కుట్టిన బొంతలను విలియం ఆర్నెట్ అనే కళాసేకర్త కొని బయటికి తెచ్చాడు. 2002లో హ్యూస్టన్‌లో, ఆ తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో ప్రదర్శించారు. 2006లో అమెరికా తపాలాశాఖ వాటి బొమ్మలతో బిళ్ళలు వేసింది. పేరొచ్చాక పేచీ వచ్చింది. 2007లో కుట్టినవాళ్ళలో కొందరు తమకు రావాల్సింది రాలేదని కోర్టుకెక్కారు. మరుసటి ఏడాది రాజీ కుదిరింది. ఎవరిది తప్పో ఇక్కడ కూర్చుని నేను తీర్చలేను గానీ, పాతగుడ్డ అని చవకగా కొని కళ అని ఎక్కువకు అమ్మే చోట ఆ పేచీ పొంచి ఉంటుంది. అవ్వ లెక్కలో అది లేదు. ఆనాటి శ్రమకు ఈనాటి కూలి. అప్పటినుంచి మా పద్ధతీ అదే.

పేరు దగ్గర మాత్రం మేం అవ్వ మాట పూర్తిగా వినలేదు. కలకత్తా జోకాలో గురుసదయ్ దత్ సేకరించిన కంథాల, అంటే బెంగాలీ బొంతల, మ్యూజియం ఉంది. ఆయన ఐసీఎస్ ఉద్యోగి. బెంగాల్ పల్లెల్లో తిరుగుతూ ఇళ్ళల్లోని కుట్టుపనిని పోగుచేశాడు. అందులో మానదాసుందరి అనే ఆమె తండ్రి కోసం కుట్టిన కంథా మీద ఆమె పేరు సూదితోనే రాసి ఉంటుంది. మన బొంతల మీద అలాంటిది నేనెప్పుడూ చూడలేదు. అవ్వను పేరు కుట్టమంటావా అని అడిగితే "నా పేరెందుకు బిడ్డా, నేను పండుకుంటనా దాని మీద?" అని నవ్వింది. చివరికి లోపలివైపు మూలన చిన్న గుడ్డముక్క మీద పేరు, ఊరు కుట్టడానికి ఒప్పుకుంది. అది వదిన పని.

రాయచూరు, ఇల్కల్

మక్తల్ దాటి మళ్ళీ కృష్ణ, దేవసూగూరు, ఆపైన రాయచూరు. వదిన పుట్టింటి పెరడు మా చాకిరేవు. ఊళ్ళు తిరిగి తెచ్చిన బొంతలు నేరుగా ఇంట్లోకి రావు. మొదటి శత్రువు నల్లి. కుట్టు సందుల్లో ఏళ్ళ తరబడి దాక్కుంటుంది. పాతకాలంలో వేణ్ణీళ్ళ బానలో వేసేవాళ్ళు. చివికిన నూలుకు అది చావుదెబ్బ. ఇప్పుడు మ్యూజియాల వాళ్ళు చలిని వాడతారు. ప్లాస్టిక్ సంచిలో గాలి పోకుండా కట్టి మైనస్ 18 డిగ్రీల చలిలో నాలుగు రోజులకు తగ్గకుండా ఉంచితే నల్లులూ వాటి గుడ్లూ చస్తాయి. వదిన తమ్ముడికి ఐస్‌క్రీముల డీప్ ఫ్రీజరు ఉంది. చలికాలంలో బేరం తక్కువ కాబట్టి అందులో మా బొంతలకు చోటు. మరదలికి ఈ సంగతి నచ్చదు, వదినకు ఎదురు చెప్పనూ చెప్పదు.

తర్వాత రంగు పరీక్ష. తెల్లగుడ్డ తడిపి ఒక్కో రంగు మీద నొక్కి చూడాలి. ఎరుపు అంటుకుంటే ఆ బొంతకు నీళ్ళు పనికిరావు. నీడన పరచి దుమ్ము దులిపి గాలి పట్టించడమే. నలుపును వేరేగా చూడాలి. ఇనుముతో చేసిన పాత నలుపు నూలును లోపల్నుంచి తినేస్తుంది. ఎరుపు, తెలుపు పోగులు నిలిచిన చోట కూడా నలుపు గళ్ళు పొడిగా రాలిపోతాయి. అక్కడ సూది గుచ్చకూడదు. వెనక మెత్తటి గుడ్డ పరచి చుట్టూ గట్టి నూలు దొరికే దాకా వెళ్ళి కుట్టాలి.

ఉతకడానికి పనికొచ్చే వాటిని వెడల్పాటి తొట్టెలో పలచటి కుంకుడు రసంలో నానబెడతాం. బాదడం లేదు, పిండటం లేదు. అసలు కష్టం బయటికి తీయడంలో ఉంది. తడిసిన బొంత మోయలేనంత బరువెక్కుతుంది; రెండు మూలలు పట్టుకుని లేపితే దాని బరువుకే పోగులు పుటుక్కుమంటాయి. అందుకని ముందే తొట్టెలో దోమతెర పరుస్తాం. తెర నాలుగు కొసలూ నలుగురు పట్టుకుని ఎత్తాలి. దండెం మీద వేయకుండా నులకమంచం మీద నీడపట్టున ఆరబెట్టాలి. ఒక రోజుకు ఆరదు. అత్తగార్లకు లేని ఓపిక బొంతలకు కావాలని వదిన తల్లి అంటుంది.

రాయచూరు నుంచి లింగసుగూరు, ముదగల్ మీదుగా ఇల్కల్. అక్కడి ఊళ్ళల్లో బొంతను కౌది అంటారు. ఇల్కల్ చీర ఒళ్ళు నూలు, కొంగు పట్టు. నేసేటప్పుడే ఒంటి పడుగును, కొంగు పడుగును కొక్కేల్లా ఒకదానిలో ఒకటి మెలిపెట్టి కలుపుతారు. పాత కౌదిలో ఆ కలయిక దగ్గర వేలు పెడితే సంగతి తెలుస్తుంది. ఇవతల నూలు ఇంకా మెత్తగా, నిబ్బరంగా ఉంటుంది. అవతల పట్టు పీచులు పీచులుగా రాలుతుంది. పెళ్ళికి విలువైనది పట్టు, బొంతకు విలువైనది నూలు. అక్కడ ఒక ఇంట్లో కౌది ఇస్తూ, అది విప్పకూడదని షరతు పెట్టారు. మూసేముందు లోపల రొట్టెముక్క పెట్టి కుట్టారట, కౌది కడుపు ఖాళీగా ఉండకూడదని. వదిన చేతిలో చెయ్యి వేసి ప్రమాణం చేసింది.

ముండగోడు అడవిలో

గదగ్, హుబ్బళ్ళి దాటాక మైదానం అయిపోతుంది. టేకు చెట్లు, తడి గాలి, ఎర్రమట్టి. ముండగోడులో 1966 నుంచి ఉన్న టిబెటన్ల కాలనీ, ఎర్రబట్టల సన్యాసులు. అక్కడినుంచి లోపలికి పోతే సిద్దీల ఊళ్ళు. వాళ్ళ పూర్వీకులు ఆఫ్రికావాళ్ళు. పోర్చుగీసు వాళ్ళు బానిసలుగా గోవాకు తెచ్చినవారిలో చాలామంది తప్పించుకుని ఈ అడవుల్లో చేరారు. ఒకే ఊళ్ళో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు, అందరూ సిద్దీలే. 2003లో ఈ జిల్లా సిద్దీలకు షెడ్యూల్డు తెగ గుర్తింపు వచ్చింది.

వాళ్ళ బొంత పేరు కవంది. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు హెన్రీ డ్రూవాల్ 2004లో ఇక్కడికొచ్చి ఈ కుట్టు చూసి వాళ్ళతో కలిసి పనిచేశాడు. 2011లో న్యూయార్క్ హార్లెంలోని షాంబర్గ్ కేంద్రంలో కవందులను ప్రదర్శించారు. అవ్వ కుట్టుకూ దీనికీ నడక వేరు. అవ్వ ఒక అంచున మొదలుపెట్టి వరుసగా అవతలి అంచుకు పోతుంది. వీళ్ళు నాలుగు అంచుల చుట్టూ తిరుగుతూ, పేలిక మీద పేలిక మడిచి కుడుతూ లోపలికి వస్తారు. చివరికి నట్టనడుమ ఆగుతారు. ముందుగా గీసుకున్న బొమ్మ ఏదీ ఉండదు. చేతికొచ్చిన ముక్క, కంటికి నచ్చిన రంగు. మూలలకు మడతలు పెట్టిన చిన్న ముక్కోణపు గుడ్డలు, వాటిని పూలంటారు. అవి లేకపోతే కవంది బట్టకట్టనట్టేనని వాళ్ళ మాట.

మేం వెళ్ళిన ఇంటి పెద్దావిడ వసారాలో కుడుతోంది. వదిన కన్నడంలో వచ్చిన పని చెప్పి, ఎలుకలు కొట్టిన చీరాల బొంతను ముందు పరచింది. ఎలా బాగుచేస్తారని అడిగింది. ఆమె దాన్ని ఎత్తి బరువు చూసి, చేత్తో రెండుసార్లు చరిచి, బాగుచేయడం దేనికని ఎదురడిగింది. ఒళ్ళు బాగానే ఉంది కదా, కొత్తదాని లోపల పెడితే సరిపోతుంది కదా అంది. అవ్వ చెప్పిన మాటే, కొండల అవతల, ఇంకో భాషలో.

అక్కడే మాకు వాదన మొదలైంది. "అన్నీ అలా కడుపులోకి పంపేస్తే ఇంకెవరికి కనపడుతుంది వదినా? చీరాలలో ఆ రుమాలు బయటపడబట్టి కదా ఆ ఇంటావిడ బొంత దాచుకుంది" అన్నాను. "లోపల ఉండబట్టే కదమ్మా ఇన్నాళ్ళు మిగిలింది. పైనుంటే ఎప్పుడో పేలికయ్యేది" అంది వదిన. ఇద్దరి మాటా నిజమే. పైగుడ్డ ఎండకు వెలుస్తుంది, ఒంటికి అరుగుతుంది. లోపలిది చీకట్లో భద్రంగా ఉంటుంది. మ్యూజియం గాజుపెట్టె చేసేదీ బొంత కడుపు చేసేదీ ఒకటే. తేడా ఒక్కటి, గాజుపెట్టెను ఎవరూ కప్పుకోరు.

చివరికి ఆ వసారాలోనే ఒక పద్ధతి కుదిరింది. అరుదైన నేత ఉన్న బొంతలు విప్పకుండా, ఉన్నదున్నట్టు చదువుకునేవాళ్ళ దగ్గరికి పోవాలి. పైగుడ్డ నిలిచి అక్కడక్కడ చిరిగినవి మాసికలతో వాడుకకు పోవాలి. ఒళ్ళు మిగిలి ముఖం పోయినవి కొత్త బొంత లోపలికి పోవాలి. చీరాల బొంత మూడో రకం. దాని ఫొటోలు తీసి, పొరలు రాసుకుని ఆమెకు అప్పగించాం. కుట్టుకూలి ముందే మాట్లాడుకున్నాం. మేం తిరిగి వెళ్ళి తెచ్చుకునే నాటికి దాని చుట్టూ ఎరుపు, పసుపు, నీలం పేలికలు ఎక్కి, నాలుగు మూలలా పూలు పూసి ఉంది. నడుమ మూసే ముందు గుప్పెడు బియ్యపు గింజలు వేశానని చెప్పింది. ఇప్పుడది చీరాల బొంతా, సిద్దీ కవందా? రెండూ. అవ్వ విప్పిన బొంతలో మూడు నాలుగు చేతులు లేవా?

కొత్త ఇళ్ళు

బొంతకు ఇల్లు దొరకడం పెళ్ళి సంబంధం కుదరడమంత తిప్పలు. అడిగేవాళ్ళు తక్కువ కాదు. గోడకు తగిలిస్తామని కొందరు అడుగుతారు. తన బరువుకే పోగులు సాగి తెగుతాయి, వెలుతురుకు రంగు చస్తుంది. తగిలించక తప్పదంటే పై అంచు పొడవునా గుడ్డ గొట్టం కుట్టి కర్ర దూర్చి బరువు సమంగా పడేలా చూడమంటాం. చేనేత చదివే పిల్లలున్న ఒక కళాశాల రెండు తీసుకుంది. డల్లాస్‌లో ఉన్న ఒక అమ్మాయి తన అమ్మమ్మ ఊరి బొంత కావాలంది. ఊరి పేరు చెప్పింది, మా పుస్తకంలో ఉంది, పంపాం. ప్లాస్టిక్ కవరులో దాచొద్దని, నూలుగుడ్డలో చుట్టి నాలుగు నెలలకోసారి మడత మార్చమని చీటీ పెట్టాం. మడత ఎప్పుడూ ఒక్కచోటే పడితే గుడ్డ అక్కడే విరుగుతుంది.

తిరుగుదారిలో కర్నూలు దగ్గర ఒక వృద్ధాశ్రమానికి కొన్ని ఇద్దామని ఆగాం. చలి బాగా ఉంది, బొంతలు శుభ్రంగా ఉన్నాయి. ఒక జేజి ముందు పరిచాం. ముట్టుకోలేదు. "యెవరో పోయినోళ్ళ బొంత నాకేల తల్లీ? నేనింకా బతికే ఉన్నా గదా" అంది. పేదవాళ్ళకు పాతది చాలుననే లెక్క ఎంత తేలికో ఆ ఒక్క మాటతో తెలిసింది. బొంతలు మడత పెడుతుంటే మళ్ళీ పిలిచింది. "దబ్బనముంటే ఇయ్యండి. ఇదే లోపలేసి నా చీరెతో నేను కుట్టుకుంటా. అప్పుడు నాదవుతాది."

వ్యాన్‌లో దబ్బనాలు ఎప్పుడూ ఉంటాయి. ఆమె చుట్టూ మరో ఇద్దరు చేరారు. ముగ్గురికీ కుట్టు తెలుసు, చాలా ఏళ్ళుగా కుట్టమని అడిగినవాళ్ళే లేరు. ముఖం పోయిన బొంతలన్నీ ఇప్పుడు అక్కడికే పోతున్నాయి. కొన్ని వాళ్ళే ఉంచుకుంటారు, మిగతావి పసిపిల్లలున్న ఇళ్ళకు, పురిటి కోసం అడిగేవాళ్ళకు. కూలి అవ్వ లెక్క ప్రకారమే. మొన్న జేజి పెంచమంది, పెంచాం.

ఈ పని మొదలుపెట్టినప్పుడు బొంతలు దొరకవేమోనని భయపడేవాళ్ళం. బొంతలు దొరుకుతున్నాయి, కుట్టే చేతులూ దొరికాయి. మా కొరతల్లా పైపొరకు వేయడానికి అరిగి మెత్తబడ్డ నూలు చీరలే. బీరువా అడుగున ఉన్నవి భోగికి ముందే పంపమని తెలిసినవాళ్ళందరికీ వదిన ఫోన్లు చేస్తోంది. పాలిస్టర్‌వి మాత్రం వద్దని ముందే చెబుతోంది.